పిల్లలు, పోర్న్: కౌన్సెలింగ్ గదిలో రోజూ వినే అపోహలు

అపోహ: మా వాడు అలాంటివాడు కాదు.

వాస్తవం: ‘అలాంటివాడు’ కానక్కర్లేదు. పిల్లలు, మీడియా మీద పనిచేసే కామన్ సెన్స్ మీడియా అనే సంస్థ 2022లో అమెరికాలో చేసిన సర్వేలో 13–17 ఏళ్ల వాళ్లలో 73 శాతం పోర్న్ చూశామన్నారు. మొదటిసారి చూసిన సగటు వయసు 12. అనుకోకుండా కంటబడిందన్నవాళ్లు సగానికి పైనే. గేమ్ కోసం వెతికితే ప్రకటన వస్తుంది, ఫ్రెండ్స్ గ్రూపులో ఎవడో వీడియో పడేస్తాడు. ఆడపిల్లలూ చూస్తారు. వాళ్ల గురించి మమ్మల్ని ఎవరూ అడగరు, అంతే.

అపోహ: చూశాడంటే ఎడిక్ట్ అయినట్టే.

వాస్తవం: 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ–11లో ‘కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్’ (లైంగిక ప్రవర్తన అదుపు తప్పే సమస్య) ఉంది. కానీ అది వ్యసనాల కింద లేదు, ప్రేరణను అదుపు చేసుకోలేని సమస్యల కింద ఉంది. ఆ పేరు పెట్టాలంటే ఎంత ప్రయత్నించినా మానలేని స్థితి నెలల తరబడి సాగాలి, దానివల్ల చదువో స్నేహాలో బాగా దెబ్బతినాలి, లేదా తీవ్రమైన బాధ కలగాలి. ‘తప్పు చేస్తున్నాను’ అన్న బాధ ఒక్కటే ఉంటే చాలదని అందులోనే ఉంది. ‘నేను ఎడిక్ట్‌ని సార్’ అంటూ వచ్చే కుర్రాళ్లలో చాలామందిని తినేస్తున్నది ఆ బాధే. టెన్షన్‌తో చూస్తారు, చూసి సిగ్గుపడతారు, ఆ సిగ్గుతో మళ్లీ టెన్షన్.

అపోహ: వయసు కదా, చూస్తే ఏమవుతుంది?

వాస్తవం: పదహారేళ్ల కుర్రాడు ఒకడు నన్ను నిజాయితీగానే అడిగాడు: “అమ్మాయి వద్దంటే నిజంగా వద్దనేనా సార్?” వాడికి పాఠం చెప్పింది ఆ వీడియోలే. అది నటన అనీ, కోసి అతికించిందనీ, ఇష్టమేనా అని అడగడం అందులో చూపించరనీ వాడికి చెప్పినవాళ్లు లేరు.

అపోహ: ఫోన్ లాక్కుంటే సరి.

వాస్తవం: చిన్నపిల్లలకు ఫిల్టర్ పనికొస్తుంది. పెద్దపిల్లలు వీపీఎన్‌తో దాటేస్తారు. రాత్రిళ్లు ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి కూడా, హాల్లో చార్జింగ్ పెడితే కొంత నయం. అంతకన్నా ముఖ్యం, మీకు తెలిసిన మొదటి నిమిషంలో మీ ముఖం. ఒక తండ్రి కోపంతో ఫోన్ నేలకేసి కొట్టారు. తర్వాత ఆ అబ్బాయి ఫొటోలు అడ్డుపెట్టుకుని ఎవరో బ్లాక్‌మెయిల్ చేస్తే, రెండు నెలలు ఇంట్లో చెప్పలేదు. డబ్బు పంపుతూనే ఉన్నాడు. అలాంటప్పుడు డబ్బు పంపకూడదు, చాట్ చెరపకూడదు. 18 ఏళ్ల లోపు తీసిన ఫొటోలైతే వాటిని ఆన్‌లైన్‌లోంచి తీయించడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఫోన్ దాటి బయటికి పోదు, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే వెళ్తుంది. ఇదంతా ఆ అబ్బాయికి మొదటి వారంలోనే చెప్పగలిగేవాణ్ణి.