బూతు ఎందుకు గుచ్చుకుంటుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

భాషాశాస్త్రం పాఠంలో తిట్ల దగ్గరికి వచ్చేసరికి తరగతి మొత్తం నిద్ర లేస్తుంది. ఏటా అప్పుడు వినబడే మాటలే ఇవి.

అపోహ: బూతు మాటకు అర్థమే చెడ్డది.

వాస్తవం: అర్థమే కారణమైతే వైద్యుడు మలపరీక్ష రాసిచ్చినప్పుడూ మనం మొహం చిట్లించాలి. అదే పదార్థానికి ఇంటి మాట ఒకటుంది. దాన్ని ఇక్కడ రాయడానికి నాకే చెయ్యి ఆడడం లేదు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నా అంతే! ఏ మాట అనకూడదో మనం పసితనంలోనే నేర్చుకుంటాం, పెద్దల గద్దింపుతో, ఒక్కోసారి చెంపదెబ్బతో. మాటతోపాటు ఆ ఉలికిపాటూ నాటుకుపోతుంది. టర్కిష్ మాతృభాషగా ఉండి, ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నవారితో చేసిన ఒక ప్రయోగం 2003లో వెలువడింది. మాటలు వినిపిస్తూ, చూపిస్తూ చర్మంలో కలిగే విద్యుత్ స్పందనను కొలిచారు. బూతులకూ, చిన్నప్పటి మందలింపులకూ మాతృభాషలోనే ఒళ్లు ఎక్కువగా స్పందించింది. పరాయి భాషలో బూతు అంత సులువుగా నోటికి రావడంలో వింతేమీ లేదు.

అపోహ: బూతులు ఆడేవారికి మాటలు కరువు.

వాస్తవం: 2015లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఒక్క నిమిషంలో ఎక్కువ బూతులు చెప్పగలిగినవారే మామూలు పదాలూ ఎక్కువ చెప్పారు. బూతులు ఆడితే భాష పెరుగుతుందని మాత్రం అనుకోకండి.

అపోహ: బూతు ఎప్పటికీ బూతే.

వాస్తవం: ‘విధవ’ నుంచి వచ్చిన ‘వెధవ’ ఇప్పుడు అల్లరి పిల్లవాణ్ణి ముద్దుగా కసరడానికీ పనికొస్తోంది. భర్తను పోగొట్టుకున్న స్త్రీ పేరు తిట్టుగా మారిందంటే ఆ సమాజం దేన్ని అశుభమనుకుందో చెప్పనక్కరలేదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో మాట్లాడే ఫ్రెంచిలో గట్టి తిట్లు చర్చిలోని పవిత్ర వస్తువుల పేర్లు. డచ్ భాషలో రోగాల పేర్లు పెట్టి తిడతారు. జనం దేన్ని తాకడానికి జంకుతారో తిట్టు అక్కడే పుడుతుంది.

అపోహ: మాట గాలిలాంటిది, నొచ్చుకునేవారిదే తప్పు.

వాస్తవం: ఇది వింటే నాకు చిరాకు. చనువున్న స్నేహితుడు అంటే నవ్వేసే మాటనే పై అధికారి అంటే రాత్రి నిద్ర పట్టదు. ఎవరు, ఎవరిని, ఎవరి ముందు అన్నారన్నది మాటలో సగం బరువు. పుట్టుకనో శరీరాన్నో ఎత్తిపొడిచే తిట్లయితే మరీను. వాటిని తరతరాలుగా కొందరిని కింద కూర్చోబెట్టడానికే వాడారు. ఆ సంగతి అన్నవాడు మరిచిపోయినా విన్నవాడికి గుర్తుంటుంది.