సౌండ్ పెంచితే చెవుల్లో గుచ్చుకుంటోందా? ఇంట్లో స్టీరియో గురించి అపోహలు - వాస్తవాలు

"తక్కువ సౌండ్‌లో బ్రహ్మాండంగా ఉంటుందండీ, కాస్త పెంచామంటే చాలు చెవుల్లో గుచ్చుకుంటోంది." నా షాపుకి వచ్చేవాళ్లలో వారానికి ఇద్దరు ముగ్గురైనా ఈ మాటతోనే మొదలుపెడతారు. విజయవాడలో 20 ఏళ్లుగా ఆంప్లిఫయర్లు, స్పీకర్లు రిపేరు చేస్తున్నాను, ఇళ్లకు వెళ్లి సెట్ చేసి వస్తుంటాను. వచ్చేవాళ్లు ఏం మార్చాలో కూడా ముందే అనుకుని వస్తారు: స్పీకర్లు మార్చాలి, లేదంటే ఆంప్ మార్చాలి, లేదంటే ఎవరో చెప్పిన ఖరీదైన వైరు కొనాలి. చాలాసార్లు ఇవేవీ అక్కర్లేదు. అంత డబ్బు పోసాక కూడా అదే రొద వినిపిస్తే మనిషికి పాటల మీదే విసుగొస్తుంది, అది చూడలేకే ఇది రాస్తున్నాను.

అపోహ: సౌండ్ గుచ్చుకుంటోందంటే స్పీకర్లు పాడైనట్టే.

వాస్తవం: ముందు గదిని చూడండి. పోయిన ఏడాది ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు స్పీకర్లు ఆటోలో వేసుకొచ్చారు. పాత ఇంట్లో ఏళ్ల తరబడి హాయిగా విన్న సెట్టు, కొత్త ఫ్లాట్‌కి మారిన దగ్గర్నుంచీ భరించలేకుండా ఉందట. "ట్వీటర్లు పోయాయి బాబూ, కొత్తవి వేసెయ్" అన్నారు. ట్వీటర్లంటే స్పీకర్ పెట్టెలో సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు. బెంచి మీద పెట్టి చూస్తే ఏ లోపమూ లేదు. సరే, ఇంటికే వెళ్లాను. కింద నిగనిగలాడే విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క నిలువెత్తు గ్లాసు తలుపు, ఎదురుగా పుట్టీ పెట్టి పెయింటేసిన బోడి గోడ, మధ్యలో చెక్క సోఫా, అద్దం టీపాయ్. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు అక్కడితో ఆగలేదు, రేకు మీద గోళీలు పోసినట్టు గోడల మధ్య గలగలా కొట్టుకుని అప్పుడు చచ్చింది. పాత ఇంటి హాల్లో ఏమేం ఉండేవని అడిగితే, పుస్తకాల బీరువాలు, నవారు మంచం, దాని మీద పరుపు అన్నారు. అవన్నీ ఇప్పుడు లోపలి గదిలో ఉన్నాయి.

వాళ్లావిడని అడిగి రెండు బొంతలు తెప్పించాం. ఒకటి స్పీకర్లకీ సోఫాకీ మధ్య నేల మీద పరిచి, రెండోది గ్లాసు తలుపుకి అడ్డంగా వేలాడదీశాం. అదే పాట, అదే సౌండ్. అంతకుముందు పల్లవిలో 'శ' వచ్చినప్పుడల్లా మాస్టారు కళ్లు చికిలించేవారు, ఈసారి చరణం అయ్యేదాకా కదలకుండా కూర్చుని, "లోపల ఏం మార్చావు?" అని అడిగారు.

స్పీకర్ నుంచి నేరుగా వచ్చే శబ్దం ఒకటి, నేలకీ గోడలకీ అద్దాలకీ తగిలి కాస్త ఆలస్యంగా వచ్చేవి బోలెడు. గుడ్డ, దూది, పుస్తకాలు పైస్థాయి (కీచుగా, సన్నగా ఉండే) శబ్దాల్ని కొంత మింగేస్తాయి; టైల్స్, గ్లాసు దాదాపు మొత్తం తిప్పికొడతాయి. తక్కువ సౌండ్‌లో ఈ ప్రతిధ్వనులు ఫ్యాను చప్పుడులో కలిసిపోతాయి కాబట్టి తెలియదు, పెంచేసరికి అన్నీ పైకి తేలతాయి. మీ ఇంట్లో సంగతి తేల్చుకోవాలంటే, ఒక స్పీకర్‌కి రెండు మూడు అడుగుల దూరంలో కూర్చుని, సోఫాలో మీకు వినపడేంత సౌండే అక్కడా వినపడేలా వాల్యూమ్ తగ్గించి వినండి. దగ్గర తియ్యగా, సోఫాలో ఘాటుగా ఉంటే దోషం గదిదే. పక్క గోడల మీద కర్టెన్ లాంటివి ఎక్కడ కట్టాలో కనుక్కోవడం కూడా తేలికే. మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరిని గోడ వెంట చిన్న అద్దం జరుపుకుంటూ వెళ్లమనండి, అద్దంలో మీకు ట్వీటర్ కనపడిన చోటే మందపాటి కర్టెనో పుస్తకాల షెల్ఫో ఉండాలి. పల్చటి నెట్ కర్టెన్ల వల్ల ఒరిగేది చాలా తక్కువ.

అపోహ: గోడకి కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే చాలు.

వాస్తవం: చాలవు. పల్చటి అట్ట మింగగలిగింది చాలా కొంచెం, పైగా దానికి నిప్పంటుకుంటే ఆపలేం. దయచేసి పెట్టుకోకండి.

అపోహ: చిన్న ఆంప్ పెడితే స్పీకర్లు భద్రం, పెద్ద ఆంప్ పెడితే కాలిపోతాయి.

వాస్తవం: నా దగ్గరికి కాలి వచ్చే ట్వీటర్లలో ఎక్కువ భాగం చిన్న ఆంప్‌ని గొంతు పిసికి వాడినవే. లెక్క చూడండి. సౌండ్‌ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 3 డెసిబెల్స్ పెరగాలంటే ఆంప్ రెట్టింపు వాట్లు ఇవ్వాలి, 10 డెసిబెల్స్ పెరగాలంటే 10 రెట్లు. పాట సగటున 2 వాట్ల దగ్గర నడుస్తోందనుకోండి, మృదంగం మీద గట్టి దెబ్బ పడిన క్షణంలో సౌండ్ 15 డెసిబెల్స్ ఎగిరితే ఆ ఒక్క క్షణానికి 60 వాట్ల పైన కావాలి. ఆంప్ దగ్గర ఉన్నవి 20 అయితే అది మిగతాది ఇవ్వలేక అల కొసని అక్కడికక్కడే కోసేస్తుంది, దాన్నే మేం క్లిప్పింగ్ అంటాం. కోసిన చోట పాటలో లేని కొత్త పైస్థాయి శబ్దాలు పుట్టుకొస్తాయి. మీకు వినపడే ఆ గరగర అదే, ట్వీటర్‌లోని సన్నటి కాయిల్‌ని కాల్చేదీ అదే. పెద్ద ఆంప్‌తో కూడా స్పీకర్లు కాల్చొచ్చు, కాదనను, కానీ బుద్ధిగా వాడేవాళ్లకి మిగులు శక్తి ఉన్న ఆంపే మంచిది.

కొనేటప్పుడు పీఎంపీఓ (ప్రచారానికి రాసే అంకె) అని వేలల్లో రాసిన వాట్లు పట్టించుకోకండి, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు) ఎంతో చూడండి. స్పీకర్ సెన్సిటివిటీ (అదే శక్తికి ఎంత సౌండ్ ఇస్తుందో చెప్పే అంకె) కూడా చూడండి, 90 డెసిబెల్స్ స్పీకర్‌కి కావాల్సిన శక్తి 87 దానికి కావాల్సిన దాంట్లో సగమే.

కరెంటు సంగతి ఎవరూ ఆలోచించరు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండే పాత రకం ఆంప్‌కి 230 వోల్టులు రావాల్సిన చోట సాయంత్రం 180 వస్తుంటే, అది ఇవ్వగలిగే శక్తి దాదాపు 40 శాతం పడిపోతుంది. పొద్దున బాగున్న సెట్టు రాత్రి పగిలినట్టు మోగుతోందని వచ్చిన ఒకాయనకి స్టెబిలైజర్ పెట్టించాక మళ్లీ ఫిర్యాదు రాలేదు.

అపోహ: వాల్యూమ్ నాబ్ సగంలోనే ఉంది కాబట్టి ఆంప్‌లో ఇంకా సగం శక్తి మిగిలి ఉంది.

వాస్తవం: నాబ్ ఎక్కడుందో దాన్నిబట్టి శక్తి ఎంత మిగిలిందో చెప్పలేం. సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది, పూర్తి శక్తికి చేరడానికి చాలా ఆంప్‌లకి అర వోల్టు లోపే చాలు, అందుకే నాబ్ సగానికి రాకముందే ఆంప్ పని అయిపోవచ్చు. సౌండ్ నెమ్మదిగా పెంచుతూ వెళ్లండి. ఒక చోట ఉన్నట్టుండి డప్పు దెబ్బ మెత్తబడి, గొంతు చిరిగినట్టయితే మీ ఆంప్ హద్దు అదే. ఘాటు మొదట్నుంచీ ఉండి కొద్దికొద్దిగా పెరుగుతూ పోతే గదినో, ట్రెబుల్ (సన్నటి శబ్దాల) సెట్టింగునో అనుమానించండి.

అపోహ: బేస్, ట్రెబుల్ రెండూ పైకి పెట్టి లౌడ్‌నెస్ బటన్ నొక్కితేనే సెట్టు సత్తా తెలుస్తుంది.

వాస్తవం: తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్ సరిగా అందదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఆ లోటు పూడ్చడానికే లౌడ్‌నెస్ బటన్ పుట్టింది, అర్ధరాత్రి మెల్లగా వినేటప్పుడు దాని పని. సౌండ్ పెంచాక కూడా నొక్కే ఉంచితే ఆంప్ మీద అనవసరపు బరువు, చెవి మీద అనవసరపు ట్రెబుల్. ఫోన్‌లో ఈక్వలైజర్ కూడా అంతే, ఏదైనా బ్యాండ్ (ఒక్కో స్థాయి శబ్దాలకి ఉండే స్లైడర్) 6 డెసిబెల్స్ పెంచితే ప్రీఆంప్‌ని (మొత్తం సౌండ్‌ని మార్చే స్లైడర్‌ని) 6 తగ్గించండి, లేకపోతే పాట ఫోన్‌లోనే తెగిపోయి బయటికొస్తుంది, తర్వాత ఎంత మంచి ఆంప్ ఉన్నా దాన్ని అతికించలేదు. నేనైతే పెంచడం కన్నా తగ్గించడమే చెబుతాను. 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య మన చెవి బాగా సున్నితం, అక్కడ రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే సన్నాయి, ఆడగొంతు వెంటనే నెమ్మదిస్తాయి.

అపోహ: ఖరీదైన వైరు వేస్తే ఘాటు పోతుంది.

వాస్తవం: 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు 5 మీటర్లు లాగితే, రానూపోనూ కలిపి నిరోధం 0.12 ఓమ్ దగ్గర్లోనే ఉంటుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అదొక లెక్క కాదు. ప్లస్ మైనస్ తారుమారు కాకుండా, పోగులు ఒకదానికొకటి తగలకుండా బిగించుకోండి.

అపోహ: పాత సెట్టు ఎప్పటికీ బంగారమే.

వాస్తవం: పాతవంటే నాకూ ప్రాణం, అందుకే చెబుతున్నాను, మన ఎండలకి లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు (కరెంటు నిలవచేసే చిన్న భాగాలు) ఎండిపోతాయి, స్పీకర్ అంచున ఉండే ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది. కరెంటు తీసేసి, ఊఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) కోన్‌ని రెండు పక్కలా వేళ్లతో మెల్లగా సమానంగా నొక్కి చూడండి. ఇసుక మీద రాసినట్టు చప్పుడొస్తే కాయిల్ రాసుకుంటోంది, అప్పుడు మాత్రం బాగుచేయించాలి.

ఇవన్నీ సరిచూశాక కూడా ఒకే ఆల్బమ్ గుచ్చుకుంటుంటే అది రికార్డింగ్ తప్పే కావచ్చు. మంచి హెడ్‌ఫోన్‌లో మెల్లగా విన్నా అలాగే ఉంటే ఇక సెట్టు జోలికి పోకండి.

అపోహ: గంట విన్నాక సౌండ్ చాలట్లేదంటే ఆంప్ చిన్నదన్నమాట.

వాస్తవం: అది చెవి అలిసిపోవడం. పని చోట శబ్దానికి అమెరికాలో పనిచోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ చెప్పే పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది, అంటే 100 దగ్గర పావుగంటే. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ అంత కచ్చితం కాకపోయినా ఒక అందాజా ఇస్తుంది. మాస్టారింట్లో దాంతోనే చూసి, ఆయన కూర్చునే చోట 80 దగ్గర నాబ్ ఎక్కడుందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టాం. మొన్న ఫోన్ చేసినప్పుడు, ఈమధ్య ఆ గీత దాకా కూడా వెళ్లట్లేదని, గ్లాసు తలుపుకి దళసరి కర్టెన్ కుట్టించామని చెప్పారు.