ఒకే గట్టు మీద రెండు దీపాలు

అమెరికాలోని మిషిగన్ సరస్సు ఒడ్డున సెయింట్ జోసెఫ్ అనే ఊరుంది. అక్కడి రేవు ఫొటో చూస్తే ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. నీళ్లలోకి సాగిన ఒకే గట్టు మీద, కూతవేటు దూరంలో, రెండు లైట్‌హౌస్‌లు ఎందుకు? ఒకటి ఆరిపోతే రెండోది ఆదుకుంటుందని కాదు. 1907 నుంచీ నిలబడి ఉన్న ఆ రెండూ కలిసి నీటి మీద కంటికి కనబడని గీత గీసేందుకు కట్టినవి.

కొండ అంచున ఉండే లైట్‌హౌస్ ఓడను దూరంగా పొమ్మంటుంది. రేవు వాకిట్లోని దీపం లోపలికి రమ్మనాలి, అదీ సరిగ్గా ఒక్క దారిలోనే. ఒంటరి దీపానికి అది చేతకాదు. ఓడ ఏ పక్కనుంచి వచ్చినా ఆ దీపం ఎదురుగానే ఉన్నట్టు కనిపిస్తుంది మరి. అందుకే ముందు ఒకటి తక్కువ ఎత్తులో, వెనక ఒకటి ఎక్కువ ఎత్తులో పెడతారు. రెండూ ఒకదాని మీద ఒకటి నిలువుగా కనిపిస్తే ఓడ దారిలో ఉన్నట్టే. ఓడ కుడికి జరిగితే ముందు దీపం ఎడమకు తప్పుకుంటుంది. అప్పుడు చుక్కాని ఎడమకు తిప్పాలి. ముందు దీపం ఎటు జరిగితే ఓడా అటే. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా తేలికైన నియమం ఉండదు.

లెక్క చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. దీపాల మధ్య 100 మీటర్లు, ముందు దీపానికి కిలోమీటరు దూరంలో ఓడ ఉన్నాయనుకుందాం. ఓడ 10 మీటర్లు పక్కకు జరిగితే రెండు దీపాల మధ్య కనిపించే ఎడం దాదాపు చంద్రబింబం వెడల్పులో పదో వంతు. చిన్నదే, కానీ మామూలు కంటికి చక్కగా ఆనుతుంది. రెండు బిందువులు ఒకే వరసలో ఉన్నాయా లేదా అన్నది మన కన్ను అద్భుతంగా పసిగడుతుంది. ఏ పరికరమూ లేకుండా, చీకట్లో!

మిషిగన్ సరస్సు రేవులు చాలావరకు నది ముఖద్వారాల్లో ఉంటాయి. అలలు మోసుకొచ్చే ఇసుక వాటిని పూడ్చేస్తుంటుంది. అందుకే రెండు పక్కలా గట్లు కట్టి సరస్సులోకి పొడిగించారు. గ్రాండ్ హేవెన్‌లో గట్టు పెరిగాక 1875 నాటి బయటి దీపపు కట్టడాన్నే కొత్త చివరికి జరిపారు. దాని వెనక ఎత్తయిన లోపలి దీపం 1905లో వచ్చింది.

అయితే దారి కనబడటం వేరు, ఆ దారిలో ఓడను నిలపడం వేరు. సుపీరియర్ సరస్సు కొసన ఉన్న డులూత్ రేవులోకి వెళ్లే కాలువ వెడల్పు సుమారు 90 మీటర్లే. 1905 నవంబర్ 28న పెనుతుఫానులో, పట్టపగలే, సుమారు 130 మీటర్ల పొడవున్న మాటాఫా అనే ఓడ ఆ కాలువలోకి రాబోయింది. అలలు దాన్ని ఉత్తరపు గట్టుకేసి కొట్టాయి. ఒడ్డు పక్కనే అది చిక్కుకుపోయింది. జనం చూస్తూనే ఉన్నారు, పడవ వేయడానికి మాత్రం వీల్లేకపోయింది. ఓడ వెనక భాగంలో ఉన్న తొమ్మిదిమంది రాత్రికి రాత్రి చలికి చనిపోయారు. ముందు భాగంలో ఉన్న పదిహేనుమందిని మర్నాడు కాపాడారు. అప్పటికి దీపాలున్నది దక్షిణపు గట్టు మీదే. ఉత్తరపు గట్టుకు లైట్‌హౌస్ 1910లో వచ్చింది.

శీతాకాలంలో ఈ కట్టడాలు మంచుపెంకులో మునిగిపోతాయి. ఉప్పునీరు దాదాపు మైనస్ 2 డిగ్రీల దాకా గడ్డకట్టదు. సరస్సుది మంచినీరు కాబట్టి సున్నా దగ్గరే గడ్డకడుతుంది. గాలికి ఎగిరిన తుంపర గోడను తాకగానే అతుక్కుపోయి పొర మీద పొర పేరుకుంటుంది. అలాంటి గట్టు మీద నడిస్తే కాలు జారి సరస్సులో పడటమే. అందుకని కావలివాళ్ల కోసం గట్టుకు పైన, స్తంభాల మీద ఇనుప నడకదారి కట్టారు. తుఫాను రాత్రి కింద అలలు గట్టును ముంచెత్తుతుంటే, వాళ్లు ఆ దారి పట్టుకుని దీపం దాకా వెళ్లేవారు. ఆ నడకదారి సెయింట్ జోసెఫ్‌లో ఇంకా ఉంది.