హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు

పోయిన వారం ఒకావిడ హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) పాజిటివ్ అన్న రిపోర్టు పట్టుకుని నేరుగా మా ల్యాబ్‌కే వచ్చేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "మేడం, నెట్‌లో చూశాను. ఈ వైరస్ ఉంటే కణాలకు చావే ఉండదంట. నాకిక వచ్చేసినట్టేనా?" చేతిలో కాగితం వణుకుతోంది. ఇదే టెన్షన్‌తో నెలకు ఇద్దరు ముగ్గురైనా వస్తుంటారు.

అపోహ: హెచ్‌పీవీ ఉందంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చినట్టే.

వాస్తవం: కాదు. నూటికి తొంభై మందిలో ఈ వైరస్ ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే చిక్కు. అప్పుడు కూడా కణం రాత్రికి రాత్రి మారిపోదు.

కణం విభజన మొదలుపెట్టే చోట ఆర్‌బీ అనే ప్రొటీన్ కాపలా ఉంటుంది. డీఎన్‌ఏ దెబ్బతింటే పీ53 అనే ఇంకో ప్రొటీన్ విభజనను ఆపేస్తుంది, అవసరమైతే కణాన్నే చంపిస్తుంది. హెచ్‌పీవీ 16, 18 రకాల్లోని ఈ7 ప్రొటీన్ ఆర్‌బీని పనిచేయనివ్వదు. ఈ6 ప్రొటీన్ పీ53ని నాశనం చేయిస్తుంది. అయినా ఇంకో అడ్డు ఉంది. విభజన జరిగినప్పుడల్లా క్రోమోజోముల చివర్లు, అంటే టెలోమియర్లు, అరుగుతూ పోతాయి. మామూలు మనిషి కణాలు ఇంచుమించు 50 విభజనల దగ్గర ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. కాపలా పోయిన కణాలు ఆ హద్దు దాటి ఇంకొంత దూరం వెళ్తాయి, తర్వాత క్రోమోజోములు చెదిరిపోయి గుంపులు గుంపులుగా చస్తాయి. టెలోమియర్లను తిరిగి పొడిగించే టెలోమరేజ్ ఎంజైమ్ గట్టిగా పనిచేయడం మొదలైన ఏ ఒక్కటో బతికి బట్టకడుతుంది. చావులేని కణం అంటే అదీ. అది చుట్టుపక్కల కండలోకి చొచ్చుకుపోవాలంటే ఇంకా మార్పులు జరగాలి. ఇదంతా అవడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. చికిత్స తీసుకోని హెచ్ఐవీ లాంటివి ఉంటే 5 నుంచి 10 ఏళ్లే.

ఆ వ్యవధే మన చేతిలో ఉన్నది. భయపడి దాన్ని పోగొట్టుకుంటున్నారు, నాకు బాధ అక్కడే. కొన్నేళ్ల కిందట ఒకామె బయాప్సీలో హై గ్రేడ్ మార్పు, అంటే క్యాన్సర్‌కు ముందు దశ, కనిపించింది. పొర కింది నుంచి పై వరకు ముదురు కేంద్రకాలే, కానీ ఆ పొరను కింది కండ నుంచి వేరుచేసే అడుగు గీత ఎక్కడా తెగలేదు. లీప్ చేసి, అంటే కరెంటు పారే సన్నటి తీగతో, ఆ కాస్త భాగం తీసేస్తే సరిపోయేది. "కత్తి తగిలితే పాకుతుంది" అని చుట్టాలెవరో చెప్పారట, నాటు మందుకు వెళ్లిపోయింది. ఆరేళ్లకు మళ్లీ ఆమె స్లైడే నా మైక్రోస్కోప్ కిందికి వచ్చింది. ఈసారి ఆ గీత లేదు. రెండు రిపోర్టుల కిందా నా సంతకమే.

అపోహ: పీ16 మంచి జన్యువే కదా, రిపోర్టులో పాజిటివ్ వస్తే మేలే.

వాస్తవం: పీ16 కణ విభజనకు బ్రేకు లాంటిదే, నిజమే. కానీ అది ఆర్‌బీ ద్వారానే పనిచేస్తుంది. వైర్ తెగిన సైకిల్‌కు బ్రేకు ఎంత నొక్కినా ఏం లాభం? ఆర్‌బీ పోయిన కణంలో పీ16 కుప్పలుగా పేరుకుంటుంది. అందుకే పీ16 పరీక్ష చేసిన స్లైడ్ మీద ఆ పొర మొత్తం గోధుమ రంగు పట్టేస్తే, హెచ్‌పీవీ అక్కడ పని మొదలుపెట్టిందని మాకు అర్థమవుతుంది.

అపోహ: అమరమైన కణాన్ని ఇక ఏదీ ఆపలేదు.

వాస్తవం: 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా ల్యాక్స్ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి ఆమెను అడగకుండా తీసిన హేలా కణాలు నేటికీ ల్యాబుల్లో పెరుగుతున్నాయి. వాటిలో ఉన్నది హెచ్‌పీవీ 18. పీ53 జన్యువు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కణాల్లో ఈ6, ఈ7లను ఆపేస్తే పీ53, ఆర్‌బీ మళ్లీ పనిలోకి దిగుతాయి, అన్నేళ్లుగా ఆగని కణాలు విభజన మానేస్తాయి. ఇది ల్యాబ్‌లో చూసిన సంగతే, ఇంకా మందుగా రాలేదు.

అపోహ: టీకాతోనే వైరస్ ఎక్కుతుంది.

వాస్తవం: ఎక్కదు. టీకాలో వైరస్‌కు సంబంధించి ఉండేది దాని పైతొడుగు ప్రొటీన్ ఒక్కటే. లోపల జన్యువులేవీ ఉండవు, ఈ6, ఈ7 ఊసే లేదు.

రిపోర్టు పట్టుకొచ్చిన ఆవిడకు మంగళవారం కాల్పోస్కోపీ, అంటే గర్భాశయ ముఖద్వారాన్ని భూతద్దంలాంటి పరికరంతో చూసే పరీక్ష. ఒక్కదానివే రాకమ్మా, మీ పెద్దమ్మాయిని వెంట తెచ్చుకో అని చెప్పి పంపాను.