చివరి నీటిచుక్కతోనే తంటా

ఉప్పుడబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేసి ఉంచడం మన ఇళ్లలో పాత అలవాటే. చెమ్మను ఆ గింజలు పీల్చుకుంటాయి, ఉప్పు పొడిగా ఉంటుంది. పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడ వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీల్లోనూ ఇంచుమించు ఇదే పని జరుగుతుంది, కాకపోతే టన్నుల లెక్కన.

మందు తయారీకి వాడే సరుకులో బరువు ప్రకారం సింహభాగం సాల్వెంట్‌దే, అంటే పదార్థాలను కరిగించుకునే ద్రవానిదే. రియాక్షన్‌కి చోటిస్తుంది, మందు స్ఫటికాలు కట్టాక పక్కకు తప్పుకుంటుంది. వడకట్టగా మిగిలిన ద్రవాన్ని మదర్ లిక్కర్ అంటారు. దాన్ని పారబోస్తే డబ్బూ పోతుంది, ఊరి వాగూ పోతుంది (పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు ఒడ్డు రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు). అందుకే కాచి, ఆవిరిని చల్లబరిచి మళ్లీ వాడతారు. కాచడం సులువే. చిక్కంతా అందులో కలిసిన నీటితో.

సాల్వెంట్లలో అసిటోన్ పెద్దగా పేచీ పెట్టదు, 56 డిగ్రీలకే మరిగి నీటిని వదిలి వచ్చేస్తుంది. ఇథనాల్ 78.4 దగ్గర, నీరు 100 దగ్గర మరుగుతాయి కదా, విడదీయడం ఎంతసేపు అనిపిస్తుంది. కానీ ఇథనాల్ బరువులో 95.6 శాతానికి చేరాక, ద్రవంలో నీరు ఏ పాళ్లలో ఉందో ఆవిరిలోనూ అదే పాళ్లలో ఉంటుంది. ఆపైన ఆవిరిని విడదీసే కాలమ్ (నిలువు గొట్టం) ఎంత ఎత్తు కట్టినా, ఎన్నిసార్లు కాచినా లాభం లేదు. ఈ మొండి జోడీకి అజియోట్రోప్ అని పేరు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయితే దాదాపు 12 శాతం నీరుండగానే ఆగిపోతుంది.

అక్కడ పనికొచ్చేది మాలిక్యులర్ సీవ్. పేరుకు జల్లెడే గానీ తీరు తలకిందులు. మన జల్లెడలో సన్నవి కిందికి జారిపోతాయి, ఇందులో సన్నవే ఇరుక్కుంటాయి. 3ఎ రకం గుళికల్లో రంధ్రాల వెడల్పు సుమారు 3 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే మిల్లీమీటరును కోటి ముక్కలు చేస్తే అందులో మూడు ముక్కలంత. నీటి అణువు దూరిపోతుంది, లావుపాటి ఇథనాల్ అణువు బయటే ఉండిపోతుంది. గుళికలు నిండాక 200 డిగ్రీలు దాటించి వేడిచేస్తే నీటిని వదిలేసి మళ్లీ పనిలోకి దిగుతాయి. బియ్యపు గింజలకు ఆ యోగం లేదు.

టొలీన్ అనే మరో సాల్వెంట్ దగ్గర మాత్రం అజియోట్రోపే సాయం చేస్తుంది. ఒంటరిగా 110 డిగ్రీల దాకా మరగని టొలీన్, నీరు తోడుంటే 85 దగ్గరే దాన్ని వెంటబెట్టుకుని ఆవిరవుతుంది. చల్లారగానే రెండూ విడిపోతాయి. అడుక్కు చేరిన నీటిని కింది వాల్వు తిప్పి తీసేస్తారు.

నన్నడిగితే అసలు జాగ్రత్త టి.హెచ్.ఎఫ్. (టెట్రాహైడ్రోఫ్యూరాన్) అనే సాల్వెంట్ దగ్గర. కాస్త చెమ్మ ఉన్నా అందులో మెగ్నీషియంతో చేసే గ్రిగ్నార్డ్ రియాక్షన్ చెడుతుంది. అలాగని తొందరపడి కాచేయకూడదు. గాలి తగిలి నిల్వ ఉన్న టి.హెచ్.ఎఫ్.లో పెరాక్సైడ్లు పుడతాయి, కాచేకొద్దీ అవి అడుగున చిక్కబడి పేలగలవు. అందుకే ముందు పెరాక్సైడ్ పరీక్ష, ఆ తర్వాతే స్టీమ్. అప్పుడు కూడా అడుగంటేదాకా కాచరు, కొంత వదిలేస్తారు.