ప్రాసెసర్ ఎంపిక: రిచీ స్ట్రీట్‌లో రోజూ వినే అపోహలు

చెన్నై రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్లు బిగించడం నా వృత్తి. కాలేజీలు తెరిచే రోజుల్లో నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చే తల్లిదండ్రులతో మా దుకాణం తెలుగులోనే నడుస్తుంది. మొన్న ఒక తండ్రీకొడుకులు పినాకినీ ఎక్స్‌ప్రెస్ దిగి నేరుగా మా దగ్గరికే వచ్చారు. అబ్బాయి చేతిలోని కాగితం మీద రెండు ప్రాసెసర్ల పేర్లు: ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7600, ఇంటెల్ కంపెనీ కోర్ ఐ5-13400ఎఫ్. "వీటిలో ఏది గట్టిది బాబూ?" అని తండ్రి అడిగారు. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ముందుగా కొన్ని అపోహలు తీర్చాల్సి వస్తుంది.

అపోహ: కోర్లు ఎక్కువ ఉన్నదే వేగమైనది.

వాస్తవం: కోరు అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం. 13400ఎఫ్‌లో పది కోర్లున్న మాట నిజమే. అయితే వాటిలో ఆరు వేగమైన పెద్దవి, నాలుగు తేలిక పనులకు పెట్టిన చిన్నవి. 7600లో ఉన్నవి ఆరే, ఆరూ పెద్దవే. వీడియో రెండరింగ్, పెద్ద ప్రోగ్రాముల కంపైలింగ్ లాంటి పనులను అన్ని కోర్లూ పంచుకుంటాయి కాబట్టి అక్కడ పది కోర్లు అక్కరకొస్తాయి. ఆటల్లో భారం చాలావరకు కొన్ని కోర్ల మీదే పడుతుంది. అక్కడ ఒక్కో కోరు ఎంత చురుకైనది, క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ) ఎంత ఉంది అన్నదే లెక్క. 7600లో ఎల్3 అనే క్యాష్ 32 ఎంబీ, 13400ఎఫ్‌లో 20 ఎంబీ. పక్కన ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఆటల్లో ఎక్కువగా 7600దే పైచేయి. మామూలు కార్డు పెడితే ఆ తేడా కంటికి ఆనదు, ఎందుకంటే ప్రాసెసర్ కంటే ముందు కార్డే చేతులెత్తేస్తుంది. వేగాన్ని చెప్పే గిగాహెర్ట్జ్ అంకె కూడా ఒకే కుటుంబంలోని ప్రాసెసర్లను పోల్చడానికే పనికొస్తుంది.

అపోహ: పేరు చివర ఎక్స్ ఉంటే ఒక మెట్టు పైన ఉన్నట్టే.

వాస్తవం: 7600కూ 7600ఎక్స్‌కూ కోర్లు, థ్రెడ్లు (కోర్లు ఒకేసారి నడిపే పనుల వరుసలు), క్యాష్ అన్నీ సమానం. గరిష్ఠ వేగం ఒకదానికి 5.1, రెండోదానికి 5.3 గిగాహెర్ట్జ్, అంటే నూటికి నాలుగు వంతుల తేడా కూడా లేదు. ఆ కాస్త కోసం 65 వాట్ల తరగతి నుంచి 105కి వెళ్లాలి, వేడీ పెరుగుతుంది. పైగా 7600 పెట్టెలో కూలర్ ఇస్తారు, ఎక్స్‌కు విడిగా కొనుక్కోవాలి. మే నెలలో ఏసీ లేని హాస్టల్ గదిని తలుచుకుంటే ఎక్స్ ఇవ్వడానికి నా మనసు ఒప్పదు. ఆ డబ్బు ర్యామ్‌లో పెట్టించండి.

అపోహ: 65 వాట్లని రాసి ఉంటే అంతకు మించి కరెంటు తీసుకోదు.

వాస్తవం: తీసుకుంటుంది. 7600 పరిమితి 88 వాట్లు, 13400ఎఫ్‌ది 148. కూలర్, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) ఎంచుకునేటప్పుడు ఈ అంకెలే చూడాలి.

అపోహ: పేరు చివర ఎఫ్ ఉన్న రకం నాసిరకం.

వాస్తవం: ఎఫ్ అంటే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాడుకోలేమని అర్థం. వేగానికి లోటేమీ లేదు. కానీ "కార్డు దీపావళికి కొంటాం" అనేవారికి నేను ఎఫ్ అమ్మను. కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. ఉన్న కార్డు రిపేరుకు వెళ్లినా అంతే, పరీక్షల ముందు పిల్లవాడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. 7600లో చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంది. ఆటలకు చాలదు గానీ చదువు ఆగదు.

అపోహ: ప్రాసెసర్ రేపు మార్చుకోవచ్చు, బోర్డు ఏదైనా ఒకటే.

వాస్తవం: బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడే సాకెట్. 13400ఎఫ్ కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్ ఇంటెల్ 14వ తరంతో ఆగిపోయింది. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 ప్రాసెసర్లకు వేరే సాకెట్ కావాలి. 7600 కూర్చునేది 2022లో మొదలైన ఏఎం5 సాకెట్, అందులో రైజెన్ 9000 వరుస కూడా సరిపోతుంది. అంతకుముందు ఏఎండీ సాకెట్ ఏఎం4లో 2017 నాటి బోర్డులు చాలావాటిలో బయోస్ (బోర్డులోని మూల ప్రోగ్రాం) అప్‌డేట్‌తో 2022 నాటి రైజెన్ 7 5800ఎక్స్3డీ పనిచేసింది. అయితే ఏఎం5కి కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. ఇంట్లో పాత తరం డీడీఆర్4 ర్యామ్ ఉండి, చేతిలో డబ్బు తక్కువైతే ఎల్‌జీఏ 1700లో దానికి సరిపోయే బోర్డులున్నాయి. అప్పుడు నేను 13400ఎఫ్ వైపే మొగ్గుతాను.

ఆ అబ్బాయి దగ్గర పాత ర్యామ్ లేదు, కార్డు కూడా ఇప్పట్లో కొనరట. కాబట్టి 7600 బిగించాను. రెండు ర్యామ్‌లను రెండో, నాలుగో స్లాట్లలో పెట్టి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. తండ్రి ముఖం వాడిపోయింది. మొదటిసారి డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు పరీక్షించుకుంటుందని, కొన్ని నిమిషాలు పడుతుందని, ఈలోగా స్విచ్ ఆపకూడదని చెప్పాను. తెర వెలిగింది. ర్యామ్ పెట్టె మీద వేగం 6000 అని ఉంది, బయోస్‌లో మాత్రం 4800 కనిపిస్తోంది. ఈ తేడా సరిచేయకుండా వదిలేసి, ప్రాసెసర్ మందకొడిగా ఉందని నా దగ్గరికి తెచ్చేవారు ఎందరో. కీబోర్డు అబ్బాయి ముందుకు జరిపి, ర్యామ్‌ను పెట్టె మీది వేగానికి తెచ్చే ఎక్స్‌పో అన్న చోటు చూపించి, అతని చేతనే ఆన్ చేయించాను.