స్క్రాంబ్లర్ మార్పిడి: అపోహలు, వాస్తవాలు

ఒంగోల్లో బండ్లు మార్చే పని నాది. స్క్రాంబ్లర్ (మట్టి దారుల్లోనూ తిరిగేలా మార్చిన బైకు) కావాలని వచ్చే కుర్రాళ్లు ముందు ఫోన్‌లో ఫొటో చూపిస్తారు. నేను ముందు అడిగేది మాత్రం బండి ఎక్కడ తిరుగుతుందని. కొత్తపట్నం ఇసుకలోనా, చీమకుర్తి క్వారీ దారుల్లోనా, రోజూ హైవే మీదా?

అపోహ: బటన్ టైర్లు (పైన రబ్బరు గుండీలు లేచి ఉండేవి) వేస్తే ఎక్కడైనా గ్రిప్ పెరుగుతుంది.

మట్టిలో పెరుగుతుంది. తారు రోడ్డుకు తగిలేది ఆ గుండీల పైభాగం ఒక్కటే కాబట్టి, వానలో బ్రేక్ వేస్తే బండి ఆలస్యంగా ఆగుతుంది. హైవే వాడకం ఎక్కువైతే గుండీలు దగ్గరగా ఉన్న టైరు తీసుకోండి.

అపోహ: ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి కోన్ ఫిల్టర్ పెడితే పికప్ వస్తుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. కార్బ్యురేటర్ (గాలి, పెట్రోలు కలిపే భాగం) ఉన్న బండికి గాలి ఎక్కువై పెట్రోలు చాలదు. అందులో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల జెట్లు మార్చకపోతే ఇంజిన్ కాగిపోతుంది. దానికి తోడు మన దుమ్ము. వేరేచోట డబ్బా తీయించుకున్న బండి ఒకటి చీమకుర్తి నుంచి నా దగ్గరికొచ్చింది. కార్బ్యురేటర్ నోట్లో వేలు పెట్టి తిప్పితే గ్రానైట్ పొడి ముగ్గుపిండిలా అంటుకుంది. ఇంజిన్ విప్పితే బోరు (పిస్టన్ ఆడే గొట్టం) నిండా నిలువు గీతలు. పిస్టన్, రింగులు, రీబోరింగ్ అన్నీ చేయాల్సి వచ్చింది. అప్పు చేసి కొన్న బండి అది. ఆ అబ్బాయి ముఖం చూడలేకపోయాను.

అపోహ: బండి ఎత్తు పెంచడానికి వెనక పొడుగు షాకులు (షాక్ అబ్జార్బర్లు) వేస్తే చాలు.

వెనక మాత్రమే లేస్తే బరువు ముందుకు వాలి, స్పీడులో హ్యాండిల్ కుదురుగా ఉండదు. సైడ్ స్టాండ్ పొట్టిదై బండి మరీ ఒరిగిపోతుంది. చైన్ టెన్షన్ మళ్లీ సరిచేయాలి.

వెడల్పు హ్యాండిల్ కూడా అంత తేలిక కాదు, పాత వైర్లు అందవు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ని రెండు పక్కలా చివరిదాకా తిప్పండి. రేసు దానంతటదే పెరిగితే యాక్సిలేటర్ వైరు లాగుతున్నట్టే. బ్రేక్ పైపు బిగుసుకుంటోందేమో అదీ చూడండి.

అపోహ: నా బండి నా ఇష్టం.

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌తో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు అదే తేల్చింది. చట్టం ఒప్పని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. అందుకే ఎవరు అడిగినా ఛాసిస్ (బండి ఫ్రేము) కోయను. బోల్టు విప్పి మళ్లీ బిగించగలిగే పనే చేస్తాను. పాత సీటు, మడ్‌గార్డులు, హ్యాండిల్ గోనెసంచిలో కట్టి, పారేయొద్దని చెప్పి ఓనరుకే ఇస్తాను.